బెండ శంఖు రోగ కారక వైరస్‌ల జన్యు వైవిధ్యం – నిరోధక రకాల మన్నిక

బెండ తోటలో మొదట ఒకటి రెండు మొక్కల లేత ఆకుల ఈనెలు పసుపు రంగుకు తిరుగుతాయి. కొద్ది రోజులలో ఆ పసుపు వలలాగా ఆకంతా అల్లుకొంటుంది. ఈనెల మధ్యభాగం కొంతకాలం పచ్చగానే ఉండి, తర్వాత అదీ పాలిపోతుంది. తెగులు ముదిరిన మొక్కల కాయలు పసుపు లేదా తెలుపు రంగులో, చిన్నవిగా, గిడసబారి, పీచుపట్టి ఉంటాయి. అటువంటి కాయకు మార్కెట్లో ధర పలకదు. తెలుగు రైతులు దీనిని శంఖు రోగమనీ, పల్లాకు తెగులనీ అంటారు. శాస్త్ర గ్రంథాలలో దీని పేరు ఎల్లో వీన్ మొజాయిక్.

నష్టం ఎంతన్నది తెగులు సోకిన వయసును బట్టి ఉంటుంది. 1974లో శాస్త్రి, సింగ్ ప్రచురించిన ఫలితాల ప్రకారం మొలకెత్తిన 35 రోజులకు తెగులు సోకితే దిగుబడిలో 94 శాతం, 50 రోజులకు సోకితే 84 శాతం, 65 రోజులకు సోకితే 49 శాతం నష్టం వాటిల్లింది. అంటే మొదటి ఐదు వారాలు పైరును కాపాడుకోలేని రైతుకు ఆ పంట లేనట్టే. మొక్కకు ఒకసారి వైరస్ సోకిన తర్వాత దానిని నయం చేయగల మందు లేదు. తెల్లదోమను మందులతో అదుపు చేయవచ్చు గాని, ఒక్క దోమైనా లేకుండా చేయడం పొలంలో సాధ్యపడే పని కాదు. కనుక ఈ తెగులుకు సంబంధించినంతవరకు ఆశ అంతా నిరోధక రకాల మీదనే నిలిచింది. ఆ రకాలు కొన్నేళ్ళకే ఎందుకు లొంగిపోతున్నాయి, ఒక జిల్లాలో నిలిచిన రకం మరొక జిల్లాలో ఎందుకు నిలవదు అన్న ప్రశ్నలకు సమాధానం చాలావరకు వైరస్ జన్యు వైవిధ్యంలో ఉంది.

నిరోధక రకాల వెనుకటి చరిత్ర

భారతదేశంలో ఈ తెగులును మొదట బొంబాయి ప్రెసిడెన్సీలో కులకర్ణి 1924లో నమోదు చేశారు. 1940లో ఉప్పల్ తదితరులు ఇది వైరస్ తెగులని చెప్పి నేటి పేరు పెట్టారు. తెల్లదోమ దీనిని వ్యాపింపజేసే తీరుపై 1950 దశకపు తొలి సంవత్సరాలలో వివరమైన అధ్యయనాలు జరిగాయి. ఆ తర్వాత ప్రజనన శాస్త్రవేత్తలు రంగంలోకి దిగారు. పశ్చిమ బెంగాల్ నుంచి సేకరించిన ఐసీ 1542 అనే రకాన్ని పూసా మఖ్మలితో సంకరపరచి భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో రూపొందించిన పూసా సవాని 1960 ప్రాంతంలో రైతులకు అందింది. ఒకప్పుడు దేశమంతటా బెండ అంటే పూసా సవానియే. పొలంలో అది పసుపు లక్షణాలు చూపేది కాదు. అయితే నిజమైన నిరోధకత వేరు, వైరస్ లోపల ఉన్నా లక్షణం బయటికి కనపడకపోవడం వేరు. పూసా సవానిది రెండవ కోవ. కాలక్రమంలో ఆ రకం పూర్తిగా లొంగిపోయింది. నేడు నిరోధకత పరీక్షించే క్షేత్రాలలో తెగులును వ్యాపింపజేయడానికి మధ్యమధ్య సాళ్ళలో వేసేది పూసా సవానినే. ఒక రకం జాతకం ఇంతకన్నా తారుమారు కావడం కష్టం.

సాగు బెండలో నమ్మదగిన నిరోధక జన్యువులు దొరకక శాస్త్రవేత్తలు అడవి జాతుల వైపు చూశారు. పర్భణిలోని మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఏబెల్మాస్కస్ మానిహాట్‌తో సంకరం చేసి, తిరిగి పూసా సవానితో కలిపి పర్భణి క్రాంతిని తయారు చేశారు. మానిహాట్ నుంచి వచ్చిన నిరోధకత ఒకే ఒక బహిర్గత జన్యువు వల్ల సంక్రమిస్తుందని జంభాలే, నేర్కర్ 1981లో తేల్చారు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థలో మానిహాట్ ఉపజాతి అయిన టెట్రాఫిల్లస్ నుంచి నిరోధకతను తీసుకొని అర్క అనామిక, అర్క అభయ రకాలను విడుదల చేశారు. ఈ మూడు రకాలూ తెలుగు రైతులకు సుపరిచితమైనవే. ఇవి విడుదలైన తొలి సంవత్సరాలలో శంఖు రోగాన్ని చక్కగా తట్టుకొన్నాయి. తర్వాత ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క మేరకు వాటి శక్తి సడలింది.

ఇటువంటి సందర్భంలో రైతు విత్తనం నకిలీదని అనుమానిస్తాడు. విత్తన వ్యాపారి దోమ ఎక్కువగా ఉందంటాడు. రెండూ కొన్నిచోట్ల నిజమే కావచ్చు. మూడవ కారణం మాత్రం ఎవరి కంటికీ కనిపించదు. పొలంలోని వైరస్, ఆ రకాన్ని పరీక్షించిన నాటి వైరస్ ఒకటి కాకపోవచ్చు.

వైరస్ నిర్మాణం, దాని తోడు

శంఖు రోగాన్ని కలిగించేవి జెమినివిరిడే కుటుంబంలోని బెగోమోవైరస్‌లు. రెండు గుండ్లు అతుక్కొన్నట్టుండే జంట కణంలో ఒంటిపోగు వలయాకార డీఎన్ఏ ఉంటుంది. బెండ వైరస్‌లో ఆ వలయం పొడవు సుమారు 2,740 న్యూక్లియోటైడ్లు. ఇంత చిన్న వలయంలో ఆరు ఏడు జన్యువులు ఇమిడి ఉన్నాయి. స్థలం చాలక కొన్ని జన్యువులు ఒకదానిపై ఒకటి పరచుకొని ఉంటాయి. ఒక దిశలో చదివితే కవచ ప్రోటీనును తయారు చేసే జన్యువు, ఎదురు దిశలో చదివితే ప్రతికృతిని ప్రారంభించే సి1 జన్యువు, దాని పక్కన మొక్క రక్షణ వ్యవస్థను ఎదుర్కొనే సి2, సి4 మొదలైనవి కనిపిస్తాయి. రెండు దిశల జన్యువుల మధ్య ఖాళీ భాగంలో టి–ఎ–ఎ–టి–ఎ–టి–టి–ఎ–సి అనే తొమ్మిది అక్షరాల వరుస ఉంటుంది. జెమినివైరస్‌లలో దాదాపు అన్నిటికీ ఇదే వరుస. సి1 ప్రోటీను ఇక్కడే గాటు పెట్టి ప్రతికృతిని మొదలుపెడుతుంది.

2003 వరకు బెండ తెగులుకు ఈ వలయం ఒక్కటే కారణమని భావించేవారు. ఆ సంవత్సరం మదురై కామరాజ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోస్, ఉష ఒక ముఖ్యమైన ఫలితాన్ని ప్రకటించారు. వైరస్ డీఎన్ఏను ఆగ్రోబాక్టీరియం ద్వారా బెండ మొక్కలోకి ప్రవేశపెట్టినప్పుడు అది మొక్కంతా వ్యాపించింది గాని, స్వల్పంగా ఆకు ముడుచుకోవడం తప్ప మరేమీ కలుగలేదు. పసుపు ఈనెలు రాలేదు. వైరస్‌తో పాటు దాదాపు సగం పొడవున్న మరొక వలయాన్ని కూడా ప్రవేశపెట్టినప్పుడు అసలైన శంఖు రోగం వచ్చింది. ఈ రెండవ వలయాన్ని ఇప్పుడు బీటా శాటిలైట్ అంటారు. దీనికి తనంత తాను ప్రతికృతి చేసుకొనే శక్తి లేదు; కవచం కూడా లేదు. రెంటికీ వైరస్ మీదనే ఆధారపడుతుంది. అయినా దానిలోని ఒకే ఒక జన్యువు, బీటా సి1, మొక్క రక్షణ వ్యవస్థను అణచివేసి తెగులు తీవ్రతను నిర్ణయిస్తుంది.

ఈ ఫలితం వైవిధ్యం అన్న మాటకు అర్థాన్నే మార్చింది. తెగులు కారకం ఒక జీవి కాదు, ఒక జట్టు. జట్టులో వైరస్ మారవచ్చు, శాటిలైట్ మారవచ్చు, రెండూ మారవచ్చు. బెండ మొక్కల నుంచి ఇప్పటికే ఒకటికి మించిన బీటా శాటిలైట్ జాతులను వెలికితీశారు. కేవలం వైరస్‌ను మాత్రమే గుర్తించి శాటిలైట్‌ను వదిలివేసిన నివేదిక, తెగులులో సగాన్ని మాత్రమే చెప్పిన నివేదిక.

ఒకే లక్షణం, వేర్వేరు జాతులు

బెగోమోవైరస్‌లను జాతులుగా విడదీయడానికి అంతర్జాతీయంగా అంగీకరించిన కొలమానం ఒకటుంది. రెండు వైరస్‌ల పూర్తి వలయాలను, లేదా రెండు వలయాలున్న వాటిలో మొదటి వలయాలను, పోల్చినప్పుడు సామ్యం 91 శాతం కన్నా తక్కువైతే అవి వేర్వేరు జాతులు. అదే జాతిలో సామ్యం 94 శాతం కన్నా తక్కువైతే వేర్వేరు తెగలు. 2,740 న్యూక్లియోటైడ్ల వలయంలో తొమ్మిది శాతం అంటే దాదాపు 247 స్థానాలలో తేడా. 2015లో ఈ హద్దు ఖరారు కాకముందు జాతికి 89 శాతం హద్దుగా ఉండేది. అందువల్ల పాత పత్రాలలోని కొన్ని పేర్లు ఇప్పుడు వేరే పేర్ల కింద కలిసిపోయాయి. పాత సాహిత్యం చదివే విద్యార్థులు ఈ విషయం గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ఈ కొలమానంతో చూస్తే భారతదేశంలో బెండ ఈనెలను పసుపు చేసేది ఒక వైరస్ కాదు. మదురైలో గుర్తించిన భెండి ఎల్లో వీన్ మొజాయిక్ వైరస్‌తో పాటు భువనేశ్వర్, హర్యానా, ఢిల్లీ పేర్లతో విడి జాతులు నమోదయ్యాయి. వీటిలో ఢిల్లీ జాతి రెండు వలయాల వైరస్. దాని నిర్మాణమే వేరు. గోగులో పసుపు ఈనె తెగులును కలిగించే వైరస్ కూడా వీటికి సన్నిహిత బంధువు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో గోగును నారకోసం పండించే సంప్రదాయం ఉన్నందున ఉత్తరాంధ్రలో ఈ బంధుత్వం కేవలం పుస్తకాలలోని విషయం కాదు. ఆఫ్రికాలో పరిస్థితి ఇంకా భిన్నం. సూడాన్, మాలి, బుర్కినా ఫాసో దేశాలలో బెండను పీడించేది ప్రత్తి వైరస్‌గా పేరుపడిన కాటన్ లీఫ్ కర్ల్ గెజిరా వైరస్. అక్కడ తట్టుకొన్న రకం ఇక్కడ తట్టుకోవాలన్న నియమం లేదు. ఇక్కడి రకం విషయంలోనూ అంతే.

దీనికి తోడు మరొక చిక్కు ఉంది. 1980లలో బెంగళూరు ప్రాంతం నుంచి నమోదైన ఎనేషన్ ఆకుముడుత తెగులులో ఈనెలు పసుపు కావు. ఆకులు దళసరెక్కి, పైకి ముడుచుకొని, అడుగుభాగాన ఈనెల వెంట చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. కాండం మెలి తిరుగుతుంది. దీనిని కలిగించేది మరొక బెగోమోవైరస్. శంఖు రోగాన్ని తట్టుకొనే రకాలు దీనికి లొంగిపోవచ్చు. విత్తన సంచి మీద ‘వైరస్‌ను తట్టుకొంటుంది’ అని మాత్రమే రాసి, ఏ వైరస్‌నో చెప్పకపోతే కొన్న రైతు దేనికి డబ్బు చెల్లించాడో ఎవరికీ తెలియదు.

వైవిధ్యం పుట్టే తీరు

డీఎన్ఏ వైరస్‌లు నెమ్మదిగా మారుతాయని చాలాకాలం నమ్మేవారు. జెమినివైరస్‌లు మొక్క కణంలోని పాలిమరేజ్‌నే వాడుకొంటాయి గనుక, ఆ ఎంజైము తప్పులు సరిదిద్దుకోగలదు గనుక, ఈ నమ్మకం సహేతుకంగానే కనిపించింది. 2008లో డఫీ, హోమ్స్ టమాట పసుపు ఆకుముడుత వైరస్ నమూనాలను కాలక్రమంలో అమర్చి లెక్కించగా, మార్పుల వేగం సంవత్సరానికి పదివేల స్థానాలకు దాదాపు మూడుగా తేలింది. ఇది ఆర్ఎన్ఏ వైరస్‌ల వేగంతో పోల్చదగినది. ఒక్కొక్క వలయంలో సంవత్సరానికి దాదాపు ఒక మార్పు స్థిరపడుతుందన్నమాట.

అయినా ఉత్పరివర్తనాలు ఒక్కటే అయితే కొత్త జాతి ఏర్పడడానికి చాలాకాలం పడుతుంది. పై వేగాన్ని నేరుగా అన్వయిస్తే, ఒకే మూలం నుంచి చీలిన రెండు శాఖల మధ్య తొమ్మిది శాతం తేడా రావడానికి స్థూలంగా ఒకటిన్నర శతాబ్దం కావాలి. పునఃసంయోగానికి అంత కాలం అక్కరలేదు. ఒకే మొక్కలో, ఒకే కణంలో రెండు వైరస్‌లు కలిసినప్పుడు ప్రతికృతి జరిపే యంత్రాంగం ఒక వలయం మీద పని మొదలుపెట్టి మధ్యలో మరొక వలయం మీదికి జారిపోవచ్చు. ఫలితంగా వచ్చే వలయంలో కొంతభాగం ఒక తల్లిది, కొంతభాగం మరొక తల్లిది. వందల స్థానాల మార్పు ఒక్క సంఘటనలో జరిగిపోతుంది. ఇందులో అత్యధికం నిలదొక్కుకోలేక నశిస్తాయి. నిలిచినది ఒక్కటైనా చాలు.

ఈ కలయికకు అవకాశం కల్పించేది తెల్లదోమ. అది బెండ మీద మాత్రమే బతికే పురుగు కాదు. ప్రత్తి, టమాట, వంగ, మిరప, గోగు, గట్ల మీది కలుపు మొక్కలు, అన్నిటి మీదా వాలుతుంది. వైరస్ దాని శరీరంలో ప్రవేశించిన తర్వాత చాలాకాలం నిలిచి ఉంటుంది. తెల్లదోమ కూడా ఒకే జాతి కాదని, రూపంలో తేడా కనిపించని అనేక జాతుల సముదాయమని ఇప్పుడు తెలుసు. 1999లో కర్ణాటకలోని కోలారు ప్రాంతంలో గుర్తించిన విదేశీ తెగ ఆ తర్వాత ఇతర ప్రాంతాలకూ పాకింది. ప్రత్తి, కూరగాయలు పక్కపక్కనే సాగయ్యే చోట ఒకే బెండ మొక్కలో రెండు మూడు వైరస్‌లు చేరడం అరుదు కాదు.

వలయంలో అన్ని భాగాలూ ఒకే తీరుగా మార్పిడికి గురికావు. ప్రతికృతి మొదలయ్యే ఖాళీ భాగంలోనూ, సి1 జన్యువులోనూ అతుకులు ఎక్కువగా కనిపిస్తాయి. కవచ ప్రోటీను జన్యువు లోపల తక్కువ. తెల్లదోమ శరీరంలో కణం నిలవాలంటే కవచం ఆకృతి చెడకూడదు గనుక ఆ భాగంలో మార్పులకు చోటు తక్కువ. ఈ చిన్న విషయానికి ప్రయోగశాలలో పెద్ద పర్యవసానం ఉంది; దాని ప్రస్తావన ముందు వస్తుంది.

బురేవాలా అనుభవం

పునఃసంయోగం నిరోధక రకాలను ఎలా దెబ్బతీయగలదో బెండ వైరస్‌ల దగ్గరి బంధువైన ప్రత్తి ఆకుముడుత వైరస్ చరిత్ర స్పష్టంగా చూపుతుంది. 1990 దశకపు తొలి సంవత్సరాలలో పాకిస్తాన్ పంజాబ్‌లోని ముల్తాన్ ప్రాంతంలో ఈ తెగులు ప్రత్తిని తీవ్రంగా దెబ్బతీసింది. నిరోధక రకాలు వచ్చిన తర్వాత ఆ దశకం చివరికి తెగులు సద్దుమణిగింది. 2001లో బురేవాలా పట్టణ పరిసరాలలో ఆ నిరోధక రకాల మీదనే తెగులు మళ్ళీ కనిపించింది. ఆ వైరస్ వలయాన్ని చదివినప్పుడు అది అంతకుముందున్న రెండు వైరస్‌ల, ముల్తాన్, కోఖ్రాన్ పేర్లు గలవాటి, అతుకుగా తేలింది. అంతేకాక దానిలో సి2 జన్యువు పూర్తిగా లేదు, కత్తిరించిన ముక్క మాత్రమే మిగిలింది. దానితో ఉన్న బీటా శాటిలైట్‌లోనూ మరొక శాటిలైట్ నుంచి వచ్చిన ముక్క ఉంది.

కొత్త ఆయుధం సంపాదించుకొని కాక, ఉన్న జన్యువును పోగొట్టుకొని వైరస్ గెలవడం ఆశ్చర్యకరమే. మొక్క నిరోధకత వైరస్ ప్రోటీనును గుర్తించడం మీద ఆధారపడితే, ఆ ప్రోటీనును వదులుకోవడం వైరస్‌కు లాభసాటి బేరం అవుతుందన్నది దీనికి ఒక వివరణ. ఒకే జన్యువు మీద నిలిచిన నిరోధకతను దేశమంతటా పరచడంలో ఉన్న ప్రమాదం ఇక్కడ కనిపిస్తుంది. బెండలో మానిహాట్ జన్యువు విషయంలోనూ ఈ ప్రమాదాన్ని తోసిపుచ్చలేము.

పరీక్షా పద్ధతులలో చేయవలసిన మార్పులు

తెగులు సోకిన ఆకు ప్రయోగశాలకు వచ్చినప్పుడు సాధారణంగా జరిగేది కవచ ప్రోటీను జన్యువును పీసీఆర్ ద్వారా వృద్ధి చేసి, ఆ ముక్కను చదివి, అత్యధిక సామ్యం గల వైరస్ పేరు రాయడం. బెగోమోవైరస్ ఉందా లేదా అన్న ప్రశ్నకు ఇది చాలు. ఏ బెగోమోవైరస్ అన్న ప్రశ్నకు చాలదు. పైన చెప్పినట్టు కవచ జన్యువు తక్కువగా మారే భాగం. వేర్వేరు జాతులలోనూ అది దగ్గరగా ఉంటుంది. పైగా అతుకుల వైరస్‌లో ఆ ముక్క ఒక తల్లిని చూపితే, సి1 మరొక తల్లిని చూపుతుంది. పూర్తి వలయాన్ని చదవకుండా ఇచ్చిన పేరు, ఇంటిపేరు చూసి మనిషిని గుర్తుపట్టడం వంటిది.

పూర్తి వలయం చదవడం ఒకప్పుడు కష్టసాధ్యం. ఫై29 పాలిమరేజ్‌తో వలయాకార డీఎన్ఏను విడవకుండా చుట్టిచుట్టి వృద్ధి చేసే పద్ధతి వచ్చిన తర్వాత ఆ కష్టం చాలావరకు తీరింది. ఈ పద్ధతికి వైరస్ వరుస ముందుగా తెలియనక్కరలేదు. వైరస్, శాటిలైట్ రెండూ వలయాలే గనుక రెండూ వృద్ధి చెందుతాయి. తర్వాత కత్తిరింపు ఎంజైముతో కోసి, ఒక్కొక్క వలయాన్ని విడిగా క్లోన్ చేసి చదవవచ్చు. ఒకే ఆకు నుంచి ఒక క్లోన్‌తో ఆగిపోకుండా పలు క్లోన్లు చదివినప్పుడే మిశ్రమ సంక్రమణ బయటపడుతుంది.

వంగడాల పరీక్ష విషయంలో లోపం మరింత లోతైనది. ప్రస్తుతం ఎక్కువగా జరిగేది పొలంలో సహజంగా వచ్చే తెగులు మీద ఆధారపడిన పరీక్ష. ఆ సంవత్సరం దోమ తక్కువైతే బలహీనమైన రకం కూడా నిరోధక రకంగా కనిపిస్తుంది. దోమ ఉన్నా, ఆ క్షేత్రంలో ఉన్న వైరస్ మీద మాత్రమే పరీక్ష జరిగినట్టు. ఆ క్షేత్రం బెంగళూరులో ఉంటే ఫలితం బెంగళూరు వైరస్‌కు వర్తిస్తుంది. గుంటూరుకో, రంగారెడ్డికో వర్తిస్తుందని ముందుగా చెప్పలేము. దీనికి మార్గం జోస్, ఉష పద్ధతిలోనే ఉంది. ప్రతి వ్యవసాయ మండలం నుంచి సేకరించిన వైరస్, దాని శాటిలైట్ జంటలను ఆగ్రోబాక్టీరియంలో భద్రపరచి, విడుదలకు సిద్ధమైన ప్రతి వంగడాన్ని ఆ జంటలన్నిటితో విడివిడిగా పరీక్షించాలి. లక్షణాలు చూసి సంతృప్తి చెందక, మొక్కలో వైరస్ పరిమాణాన్ని కూడా కొలవాలి. లేకపోతే పూసా సవాని వలె లక్షణం చూపకుండా వైరస్‌ను మోసే రకాలు నిరోధక రకాల జాబితాలో చేరుతాయి. అటువంటి రకం తాను బాగానే ఉండి పక్క పొలానికి తెగులు అంటిస్తుంది. ఈ ఏర్పాటుకు ఖర్చు అవుతుంది. విడుదలైన మూడేళ్ళకే రకాన్ని మార్చుకోవలసి వచ్చే ఖర్చు ప్రస్తుతం రైతు భరిస్తున్నాడు, అది ఏ సంస్థ పద్దులోనూ కనిపించదు.

నిరోధక జన్యువులను ఒక్కొక్కటిగా వదలడం కన్నా, మానిహాట్, టెట్రాఫిల్లస్ వంటి వేర్వేరు మూలాల నుంచి వచ్చిన వాటిని ఒకే వంగడంలో చేర్చడం మేలు. సంకరాలలో వంధ్యత్వం, క్రోమోజోముల సంఖ్యలో తేడాల వల్ల బెండలో ఈ పని నెమ్మదిగా సాగుతుంది.

ఈలోగా రైతు చేయగలిగిన పనులలో వైరస్ ఏదైనా పనిచేసేవి కొన్ని ఉన్నాయి. ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి మొదటి వారాలలో దోమను అదుపు చేస్తుంది. పొలం చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న సాళ్ళు వేస్తే దోమ రాక తగ్గుతుంది. మొదటి నెలలో పసుపు ఈనె కనిపించిన మొక్కను వెంటనే పీకి కాల్చివేయడం అన్నిటికన్నా చౌక. అన్నిటికన్నా తక్కువగా ఆచరించేదీ అదే.

నిరోధక రకం లొంగిపోయినట్టు కనిపించిన పొలానికి వెళ్ళే విస్తరణాధికారి, మందు పేరు చెప్పి తిరిగి రాకుండా, లక్షణాలున్న లేత ఆకులను పది పన్నెండు మొక్కల నుంచి విడివిడిగా కోసి, వార్తాపత్రిక కాగితాల మధ్య ఆరబెట్టి తీసుకురావాలి. ఆరిన ఆకు నుంచి కూడా వైరస్ డీఎన్ఏను తీయవచ్చు. ప్రతి కాగితం మీద రకం పేరు, విత్తన లాటు సంఖ్య, విత్తిన తేదీ, లక్షణం మొదట కనిపించిన తేదీ, పక్క పొలాల పంటలు, గ్రామం పేరు రాయాలి. వీటిలో విత్తిన తేదీ, లాటు సంఖ్య తరచుగా మరచిపోయేవి. తెగులు విత్తనం తప్పు వల్ల వచ్చిందా, వైరస్ మారడం వల్ల వచ్చిందా అన్నది తేల్చేటప్పుడు మొదట అడిగేవీ అవే.